మూత కింది చెమ్మ

కడలి గర్భమందుఁ గనుమూసి పవళించు
వారి నెల్ల నెఱుగు వాడ వీవు
తీరమందు నిలిచి తెరువు చూచెడివారి
గుండెతడిని దుడువు కూర్మితోడ

మన పెద్దలు అవలోకితేశ్వరుడన్నారు. ఈ తీరంలో కన్నోన్ అంటారు. ఏడ్చేవారి గొంతు ఎంత సన్ననిదైనా వినడమే వ్రతంగా పెట్టుకొన్న ఆ కరుణామూర్తి పాదాలకు మొక్కి, కినుయే అనే ఇల్లాలి కథ చెబుతాను.

ఒసాకాకు దక్షిణాన, కిషూ తీరంలో ఒక చిన్న రేవు. అక్కడ చిరుచేపలను ఉప్పునీటిలో ఉడికించి చాపల మీద ఎండబెట్టే పాకలో ముగ్గురు స్త్రీలు పనిచేసేవారు. కినుయే, హత్సుమి, రిత్సుకొ. ముగ్గురూ ఒకే బడిలో ఒకే బల్ల మీద అక్షరాలు దిద్దినవారు, ఒకే ఏడాది పుట్టినవారు. హత్సుమి మొగుణ్ణి వదిలేసి ముప్పై ఏళ్ళయింది. ఆమె నోటికి అడ్డూ ఆపూ లేదు. రిత్సుకొ విధవరాలు. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఇక కినుయే ఏమిటో చెప్పడానికి ఆ ఊళ్ళో ఎవరి దగ్గరా మాట లేదు. ఆమె మాత్రం తాను ఇల్లాలినే అనేది.

ఆరేళ్ళ క్రితం ఒక ఆశ్వయుజంలో, చూరమీను వేటకు వెళ్ళిన పడవ ఒకటి తిరిగి రాలేదు. అందులో ఉన్నవారు ఇద్దరే. రిత్సుకొ భర్త మసనొరి తొమ్మిదో నాడు ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. కినుయే భర్త ఇసాము రాలేదు. రిత్సుకొకు బూడిద దక్కింది, సమాధి దక్కింది, ఏటేటా పెట్టుకొనే తద్దినం దక్కింది. కినుయేకు ఒక గిన్నె మిగిలింది.

అది లక్క పూసిన నల్లని చారుగిన్నె, దానికి సరిపడే మూత. దూరం వెళ్ళినవాడు అక్కడ ఆకలితో ఉండకూడదని ఇంట్లో అతని చోట అన్నం వడ్డించి ఉంచడం ఆ తీరంలో పాత ఆచారం. నీడ పళ్ళెం అంటారు దాన్ని. కినుయే అమ్మమ్మ యుద్ధానికి వెళ్ళిన మొగుడికి నాలుగేళ్ళు అలా వడ్డించింది. ఆయన ఇంటికి నడిచి వచ్చాడు. ఆ ముసలావిడ నేర్పిన నియమాలు రెండే. ఒక్క రోజు కూడా తప్పకూడదు. భోజనమయ్యాక చారుగిన్నె మూత ఎత్తి చూడాలి. మూత కింద చెమ్మ ఉంటే మనిషి బతికే ఉన్నాడు.

కినుయే ఆరేళ్ళుగా తప్పలేదు. ఒళ్ళు కాలిపోయే జ్వరంలో గోడ పట్టుకొని నడిచి వడ్డించింది. తుపానుకు పైకప్పు రేకు లేచిపోయిన పొద్దున, తడిసిన చాప మీద గొడుగు కింద వడ్డించింది. ఇసాము కూర్చునే చోట, సముద్రం వైపు కిటికీకి ఎదురుగా అన్నం, సోయా ముద్ద కలిపిన మిసో చారు, ఒక చేప ముక్క, ఉప్పులో ఊరిన ఉమె కాయ ఒకటి. తన భోజనం ముగించి మూత ఎత్తేది. బొట్లు బొట్లుగా చెమ్మ. ఆ చెమ్మను వేలితో తుడిచి ఆ వేలిని చెంపకు రాసుకొని పాకకు వెళ్ళేది. మరిది వచ్చి సమాధి రాయి సంగతి ఎత్తితే, రోజూ అన్నం తినేవాడికి రాయి ఎందుకయ్యా అని పంపేసేది.

ఆ ఏడు ముగ్గురికీ అరవై నిండాయి. అరవై నిండితే మనిషి మళ్ళీ పుట్టినట్టే అని ఎర్రబట్ట కట్టడం అక్కడి రివాజు. హత్సుమి మూడు ఎర్రని మెడగుడ్డలు అల్లి తెచ్చింది. పగలూ రాత్రీ సమమయ్యే శరద్విషువం నాటి శని ఆదివారాలకు ఒసాకా వెళదామని, ఒక రాత్రి సత్రంలో ఉందామని తీర్మానించింది. పడుచుతనం నుంచీ ఏటా వెళ్ళేవాళ్ళు. పడవ మునిగాక మానేశారు. కినుయే వద్దంది. హత్సుమి పదిరోజులు వెంటపడింది. చివరకు కినుయే ఒక షరతు మీద ఒప్పుకొంది: గిన్నె తనతో వస్తుంది.

శనివారం తెల్లవారకముందే ఇంట్లో వడ్డించి, మూత చూసుకొని, గిన్నెను కడిగి నీలిగుడ్డలో మూటగట్టి రైలెక్కింది. ఒళ్ళో ఆ మూట చూసి హత్సుమి ఊరుకోలేదు.

"ఆడవాళ్ళ ప్రయాణం అనుకున్నాం కదే. మధ్యలో ఈయనెందుకు?"

"ఆయన కిటికీ పక్క చోటు అడగడు, వాగడు. నీకంటే నయం," అంది కినుయే.

రిత్సుకొ కిటికీలోంచి చూస్తూ నవ్వింది. రైలు సముద్రాన్ని వదిలి నారింజ తోటల్లోకి మళ్ళింది.

ఒసాకాలో వాళ్ళు మొదట కోట చూశారు. మెట్లెక్కలేక సగంలో కూర్చున్నారు. ఎర్రగుడ్డలు మెడకు చుట్టుకొన్న ముగ్గురినీ చూసి ఒక కుర్రజంట ఫొటో తీస్తామంది. హత్సుమి ససేమిరా అంది: ముగ్గురు నిలబడితే నడిమి మనిషికి ఆయుష్షు తగ్గుతుందట. అప్పుడు కినుయే గిన్నె మూటను పైకెత్తి నలుగురం ఉన్నాం, తీయండి అంది. ఆ మాటకు నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఫొటో మాత్రం వచ్చింది. ముగ్గురు స్త్రీలు, ఒక నీలిమూట.

మధ్యాహ్నం రేవు పక్కనున్న పెద్ద చేపల అద్దాలశాలకు వెళ్ళారు. జీవితమంతా చేపల మధ్యనే గడిచినవాళ్ళు చేపను చూడ్డానికి టికెట్టు కొనడమేమిటని హత్సుమి గొణుక్కుంది. లోపల మూడంతస్తుల ఎత్తున అద్దం, దాని వెనుక నీళ్ళు. పడవంత సొరచేప ఒకటి మచ్చల వీపుతో నిదానంగా పైనుంచి వెళ్ళింది. దాని కింద చూరమీను మంద ఒక్కటిగా మళ్ళి తళుక్కున మెరిసింది.

కినుయే నుదురు అద్దానికి ఆనించింది. సముద్రపు పైపొర తప్ప ఆమె ఏనాడూ చూడలేదు. పుట్టింది మొదలు రోజూ చూసిన ఆ బూడిదరంగు మూత కింద ఇంత నీలం ఉంటుందని, ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చూసినవాడు చెప్పడానికి రాలేదు.

"లోపల ఇంత వెలుగుంటుందా?" అంది.

రిత్సుకొ అద్దం పైఅంచు కేసి చూసింది. తరువాత చాలా మెల్లగా, "పైన దీపాలు పెట్టారే," అంది.

కినుయే విన్నది. తల తిప్పలేదు. ఆమె ఊపిరికి అద్దం మీద చిన్న మసక వలయం ఒకటి ఏర్పడి, ఆరి, మళ్ళీ ఏర్పడింది.

సాయంత్రం పాత పేటలో, ఇనుపగోపురం నీడన ఉన్న వేపుడు పుల్లల దుకాణంలో కూర్చున్నారు. పుల్లకు గుచ్చి వేయించిన మాంసం, ఉల్లి, తామరదుంప వేడివేడిగా వస్తున్నాయి. బల్ల మీద అందరికీ ఒకటే పచ్చడి తొట్టి. ఒక్కసారే ముంచాలి, కొరికినదాన్ని మళ్ళీ ముంచరాదు. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంది. హత్సుమి కొరికి మళ్ళీ ముంచింది.

"ఆ తొట్టి ఊరందరిదీ అమ్మా," అంది దుకాణపు ఆవిడ, గరిటె ఆపకుండానే.

హత్సుమి మెడగుడ్డ చూపించింది. "అరవై నిండి నిన్ననే మళ్ళీ పుట్టాం తల్లీ. పసివాళ్ళం. ఇంకా చదవడం రాదు."

దుకాణపు ఆవిడ తొట్టి మార్చింది. మార్చి, పసివాళ్ళకు కల్లు పోయకూడదు కదా అని హత్సుమి ముందున్న సాకే గ్లాసు కూడా తీసేసింది. అప్పుడు కినుయే నవ్వింది. మొదట ముక్కుతో, తరువాత భుజాలతో, చివరకు బల్ల అంచు పట్టుకొని కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. ఆ నవ్వు ఆరేళ్ళుగా వాళ్ళు వినలేదు. రిత్సుకొ బల్ల కింద హత్సుమి చేయి నొక్కింది.

సత్రంలో పడుకోబోయే ముందు కినుయే సత్రం ఆవిడతో తమ ముగ్గురికీ కాక నాలుగో పళ్ళెం ఒకటి పొద్దున కావాలని చెప్పింది. ఆవిడ గిన్నె చూసి తల వంచింది. కినుయే గిన్నెను తలగడ పక్కన పెట్టుకొని, కిటికీ వైపు తిరిగి, నిద్రపోయింది. నవ్విన మనిషి నిద్ర అది. మధ్యలో లేవలేదు.

మెలకువ వచ్చేసరికి ఎండ చాప దాటింది. తలగడ పక్కన గిన్నె లేదు. కింద నుంచి కాల్చిన చేప వాసన, మిగతా ఇద్దరి మాటలు వస్తున్నాయి. దువ్వెన కోసం సంచిలో చేయి పెట్టింది. వేళ్ళకు నీలిగుడ్డ ముడి తగిలింది. దువ్వెన తీసుకొని, తల దువ్వుకొని, కిందికి దిగింది.

బల్ల మీద మూడు పళ్ళేలే ఉన్నాయి. కూర్చుంది. కానాగంత చేప ఉప్పు పూసి కాల్చారు; గుడ్డట్టు చుట్టలు చుట్టి పెట్టారు; చారులో చిన్న నత్తగుల్లలు. హత్సుమి తాను గురక పెట్టనే లేదని, రిత్సుకొయే పెట్టిందని వాదించింది. కినుయే రెండు గిన్నెల అన్నం తింది. చాలా రుచిగా ఉందని సత్రం ఆవిడతో చెప్పింది. ఆవిడ ఆమె వైపు ఒకసారి, హత్సుమి వైపు ఒకసారి చూసి, టీ పోసి వెళ్ళింది.

ఆ తరువాత ఇనుపగోపురమెక్కి, కోరిక తీరాలంటే రుద్దాలనే నవ్వుముఖపు దేవుడి అరికాళ్ళు రుద్ది, ఎవరికి తోచింది వాళ్ళు కోరుకొన్నారు. మధ్యాహ్నానికి షితెన్నోజీ ఆలయానికి చేరారు. విషువ దినాల్లో మృతులు ఆవలి గట్టు మీద దగ్గరగా నిలబడతారని నమ్మకం. అందుకే ఆవరణంతా జనం. రిత్సుకొ ఏటా అక్కడికి ఒక్కతే వస్తుంది. కాగితంలా పలుచని చెక్కపట్టీ మీద మసనొరి పేరు రాయించి, రాతి తాబేటి నోట పడే ఊటనీటిలో దాన్ని విడుస్తుంది. వరుస చాలా ఉంది, మీరు నీడలో కూర్చోండని చెప్పి వెళ్ళింది.

కినుయే, హత్సుమి రాతిమెట్టు మీద కూర్చున్నారు. హత్సుమి వచ్చేపోయేవాళ్ళ చెప్పుల మీద వ్యాఖ్యానం చేస్తోంది. కినుయేకు దాహమై సీసా కోసం సంచి తెరిచింది. నీలిమూట పైనే ఉంది. ఈసారి ఆమె దాన్ని బయటికి తీసింది. ముడి విప్పింది. మూత ఎత్తింది.

నల్లని లక్క పొడిగా మెరిసింది. మూత కింద ఒక్క బొట్టు లేదు. అందులో ఆమె ముఖం, మెడలో ఎర్రగుడ్డ కనిపించాయి.

"ఆయనకి పెట్టలేదే," అంది కినుయే.

గొంతు మామూలుగానే ఉంది. హత్సుమి ముఖం పాలిపోయింది. కాసేపు చెప్పులు చూసింది. ఆ తరువాత ఉన్నదున్నట్టు చెప్పేసింది. తెల్లవారగానే లేచి గిన్నెను మూటగట్టి సంచిలో పెట్టింది తానే. నాలుగో పళ్ళెం వద్దని సత్రం ఆవిడకు చెప్పింది తానే. నిన్నటి నవ్వు చూశాక, ఇంకొక్క పూట, ఒకే ఒక్క పూట, కినుయే తన కోసం తాను తింటుంటే చూడాలనిపించిందట. రిత్సుకొకు ఇందులో పాలు లేదు. తిట్టు, కొట్టు, ఊరెళ్ళాక ముఖం చూడకు, కానీ అలా చూడకే, అని ఏడ్చింది.

కినుయే మూతను గిన్నె మీద పెట్టింది. మళ్ళీ తీసింది.

"మూట కట్టింది నువ్వు," అంది. "సంచిలో చేయి పెట్టినప్పుడు నాకు తగిలింది. మూడు పళ్ళేలు చూశాను. ఇవాళ ఒక్కపూటే కదా అనుకున్నాను. అన్నం ఎంత రుచిగా ఉందో. విప్పనిది నేను."

హత్సుమి కళ్ళు తుడుచుకొంది. ఒక్కపూట తప్పితే ఏమీ కాదంది. చారు రేపు పొయ్యొచ్చు, మూత రేపు చెమరుస్తుందంది.

"సలసల కాగే చారు పోస్తే ఏ మూత చెమర్చదే?" అంది కినుయే. "నాకు తెలియదనుకున్నారా మీరంతా? ఎందుకంత మరిగిస్తానో తెలుసా? ఎక్కడ చెమర్చదో అని. ఆరేళ్ళు అంత మరిగించాను."

ఆవరణలో గంట మోగింది. మృతుల పేర్లు చదివినప్పుడల్లా మోగించే గంట అది. దాని నాదం ఆవలి గట్టు దాకా వినిపిస్తుందని అంటారు. కినుయే నాదం పూర్తిగా ఆగేదాకా కూర్చుంది. ఆ తరువాత మెడలోని ఎర్రగుడ్డ విప్పి, మడిచి, గిన్నెలో పెట్టి, మూత పెట్టి, లేచింది. వరుసలో నడుచుకొంటూ వెళ్ళి రిత్సుకొ వెనుక నిలబడింది. రిత్సుకొ వెనుదిరిగి ఆమె ఖాళీ మెడను, గిన్నెను చూసింది. జరిగి, తన ముందు చోటిచ్చింది. కినుయే ఆ చోటులోకి వెళ్ళలేదు. ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు.

రిత్సుకొ పట్టీ రాసిచ్చాక, పేర్లు రాసే ముసలి పంతులు కుంచెను సిరాలో ముంచి, తల ఎత్తకుండానే ఎవరి పేరు అని అడిగాడు.

"ఇసాము. నా భర్త."

రాశాడు. "ఏనాడు పోయారమ్మా?"

వెనుక నుంచి హత్సుమి వస్తున్న అడుగుల చప్పుడు ఆగింది. రిత్సుకొ తన భర్త పట్టీని గుండెకు అదుముకొంది. భర్తలిద్దరూ ఒకే పడవలో వెళ్ళారు, ఒకే గాలికి. ఆ తేదీ రిత్సుకొ పట్టీ మీద ఉంది. కినుయేకు కనిపిస్తూనే ఉంది.

"ఇవాళ," అంది కినుయే. "పొద్దున్న. నేను అన్నం తింటున్నప్పుడు."

కుంచె ఆగింది. ఆ ముసలాయన ఎన్ని వేల పేర్లు రాసి ఉంటాడో, ఎన్ని తేదీలు విని ఉంటాడో. ఇప్పుడు తల ఎత్తి ఆమెను చూశాడు. మళ్ళీ వంచి, చెప్పినది చెప్పినట్టే రాశాడు. రాసి, సిరా ఆరేదాకా తానే ఊది, పట్టీని రెండు చేతులా అందించాడు.

ఊటగది లోపల చల్లగా ఉంది. రాతి తాబేటి నోటి నుంచి నీరు సన్నగా పడుతోంది. అక్కడి అర్చకుడు వెదురుకోల చివర పట్టీని బిగించి నీటిలోకి దించుతాడు. మసనొరి పేరు ముందు వెళ్ళింది. రిత్సుకొ చేతులు జోడించింది. కినుయే వంతు వచ్చినప్పుడు ఆమె పట్టీని అర్చకుడి చేతికి ఇవ్వడానికి చాలా సేపు పట్టింది. చివరకు రిత్సుకొ ఆమె మోచేతి కింద తన చేయి పెట్టింది. పట్టీ చేతులు మారింది. నీటిలో ఇసాము అనే అక్షరాలు ఒక్కక్షణం నల్లగా నిలిచి, అంచులు కరిగి, కనబడకుండా పోయాయి.

కినుయే అప్పుడు కూడా ఏడవలేదు. అక్కడ లోపల వెలుగు లేదే, అని మాత్రం అంది. రిత్సుకొ ఆమె మోచేతి కింద చేయి తీయలేదు.

తిరుగు రైల్లో హత్సుమి కొన్న అన్నం పెట్టెలు తెరవకుండానే ఒళ్ళో చల్లారాయి. నారింజ తోటలు దాటి సముద్రం కనబడగానే కినుయే తల తిప్పుకొంది. పుట్టింది మొదలు ఆమె దాన్ని చూడకపోవడం అదే మొదటిసారి. దిగేచోట హత్సుమి వెనకబడి నడుస్తుంటే కినుయే ఆగింది. ఆమె సంచి తీసుకొని తన భుజాన వేసుకొంది. క్షమించానని అనలేదు. సంచి మోసింది.

సోమవారం చీకటి విడవకముందే ఆమెకు అలవాటు చొప్పున మెలకువ వచ్చింది. పొయ్యి వెలిగించింది. చారు పెట్టింది. పొంగు రాబోతుండగా మంట తగ్గించింది. ఆరేళ్ళలో ఎన్నడూ అలా తగ్గించలేదు. అన్నం వడ్డించింది, చేప ముక్క పెట్టింది, ఉమె కాయ పెట్టింది, ఎర్రగుడ్డ తీసేసి నల్లని గిన్నెలో చారు పోసింది. పళ్ళెం ఎత్తుకొని కిటికీ దాకా నడిచి, ఇసాము చోటు ముందు ఆగి, అక్కడినుంచి వెనుదిరిగి, అత్తమామల పటాలున్న పూజమందసం ముందుకు వెళ్ళింది. మోకాళ్ళ మీద కూర్చొని పళ్ళెం దించింది.

చేయి మూత కోసం వెళ్ళింది. మధ్యలో ఆగింది. మూత బల్ల మీద వెల్లకిలా, పొడిగా ఉంది. చేయి వెనక్కి వచ్చి ఒళ్ళో పడింది.

చారు నుంచి ఆవిరి అడ్డులేకుండా పైకి లేచింది. ఆమె దాని మీదికి వంగి, ఇసాము అని పిలిచింది. ఆరేళ్ళుగా మూత కింద నిలిచిన చెమ్మ ఆ పొద్దున ఆమె ముఖాన నిలిచింది. ఆమె దాన్ని తుడుచుకోలేదు. పాకలో పని మొదలయ్యే కూత వినబడేదాకా అలాగే ఉంది. బయట హత్సుమి, రిత్సుకొ పిలవకుండా, వెళ్ళిపోకుండా, గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు.

నీటిలో నిద్రించేవారికి నిద్ర చల్లగా ఉండుగాక. ఒడ్డున నిలిచినవారి చేతికింద ఒక చేయి ఉండుగాక. ఈ కథ విన్నవారి ఇళ్ళలో వడ్డించిన ప్రతి విస్తరి ముందూ తినవలసిన మనిషి వచ్చి కూర్చొనుగాక.